రూతమ్మగారి పాటలకు నేను చేసిన బొమ్మలు

మొన్న చీపురుపల్లి స్టేషన్‌లో బండి కోసం కూర్చుంటే, పక్క బెంచీ మీది పెద్దాయన ఫోను తెర మీద వేలు జరుపుతున్నాడు. వేలు ఆగిన చోటున్న మాటల్ని ఫోను పైకి చదువుతోంది. చూపు లేనివాళ్లు వాడుకునే ఏర్పాటు అది. ఊపిరి పీల్చుకోకుండా గబగబా చదివే గొంతు. చుట్టూ ఉన్నవాళ్లు వింతగా తొంగి చూస్తున్నారు. నాకు మాత్రం ముఖం వేడెక్కిపోయి, సంచీ తీసుకుని ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాను. ఆ గొంతు వింటే ఇప్పటికీ తలెత్తబుద్ధి కాదు. ఆనందరావు మాస్టారు గుర్తొస్తారు.

ఆయన బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. వయసులో ఉండగా ప్రెస్సులో సిరా పూసి అచ్చు వేసిన మనిషి, తర్వాత చీపురుపల్లి బజారులో డీటీపీ సెంటరు పెట్టుకున్నారు. పెళ్లికార్డులు, కరపత్రాలు, బాప్టిస్టు సంఘం వాళ్ల పాటల పుస్తకాలు అక్కడే తయారయ్యేవి. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను, కనీసం టైపింగైనా వస్తుందని మా నాన్న అక్కడ చేర్పించాడు. నేర్చుకునేవాళ్లంతా మాస్టారు అంటుంటే నేనూ అలాగే పిలిచాను. టైపింగు ఎవరైనా నేర్పుతారు. అక్షరాన్ని తేరిపార చూడటం ఆయన నేర్పారు.

నేను చేసిన మొదటి పెళ్లికార్డులో వరుడి పేరు కింది వత్తు, దాని కింద గీసిన గీతలో ఇరుక్కుపోయింది. అంత చిన్నది ఎవరు చూస్తారు మాస్టారూ అన్నాను, కాస్త విసుగ్గానే. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కు దగ్గరకు తెచ్చుకున్నారు.

“ఆ పేరు ఎట్టినోల్లు సూస్తారమ్మా,” అన్నారు. “మల్లీ సెయ్యి.”

మళ్లీ చేశాను. ఆ రోజు నుంచి నా కన్ను మారింది. తర్వాత విజయనగరం వెళ్లి వెబ్‌సైట్లు తయారు చేసే పనిలో కుదురుకున్నానంటే, అంతా ఆ కంటి చలవే. నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేదాన్ని కూడా. మనిషిని మాత్రం ఏడాదికోసారి చూస్తే గొప్ప.

ఈలోగా షుగరు ఆయన కళ్లను కొంచెం కొంచెంగా తినేసింది. చూపు పూర్తిగా పోయిన కొన్నాళ్లకే రూతమ్మగారు, అంటే ఆయన భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, చనిపోయారు. చర్చిలో స్త్రీల కూడికలకు పాటలు కట్టి పాడే మనిషి ఆవిడ. బియ్యం ఏరుతూ ఏరుతూ ఒక చరణం అల్లేసేది. ఆ పాటలన్నీ మాస్టారే కంప్యూటర్లో టైపు కొట్టి దాచుకున్నారు. భూస్థాపనకు వెళ్లి, సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేశాను.

కొన్ని నెలల తర్వాత ఆయన ఫోను చేశారు. కొత్త ఫోను కొనుక్కున్నారట, నెట్‌లో ఉన్నదల్లా అది చదివి పెడుతుందట, సంఘం కుర్రాళ్లు నేర్పారట.

“మీ అమ్మగారి పాటలు నెట్‌లో ఎట్టమ్మా. నాను సదూకుంటాను,” అన్నారు.

ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు? ఎవరినీ బతిమాలకుండా, తన భార్య పాటలు తనంతట తాను చదువుకోవాలని ఆయన కోరిక. నేను మొదటి మాట విని రెండోది వదిలేశాను. అలాగేనన్నాను, అన్నప్పుడు కూడా నా కళ్లు ఇంకేదో పని మీద ఉన్నాయి. లోకమంతా మెచ్చుకునే సైటు చేస్తానని లోపల ఉబ్బిపోయాను.

మా డీటీపీ వాళ్ల పాత ఫాంట్లలో కొట్టిన తెలుగును ఉన్నదున్నట్టు నెట్‌లో పెడితే పిచ్చిగీతలైపోతుంది. పాటలన్నీ కొత్తగా టైపు చేయాలి, లేదంటే పేజీని బొమ్మగా మార్చి పెట్టేయాలి. రెండోది సులువు. మా వృత్తిలో చాలామంది చేసే పనే. నేనూ అదే చేశాను. ఇక అక్కడి నుంచి నా పాండిత్యం మొదలైంది. జేపీజీ రకం బొమ్మగా పెడితే ఫైలు తేలికే కానీ అక్షరాల అంచుల చుట్టూ దుమ్ము రేగినట్టు మరకలు వస్తున్నాయి. ఫొటోలకైతే అది చెల్లుతుంది, అక్షరాలకు చెల్లదు. పీఎన్‌జీ రకంలో అంచులు కడిగినట్టున్నాయి కానీ ఫైలు బరువు. రంగులు తగ్గించి బరువు దించాను. గుడులూ దీర్ఘాలూ తెరంత పెద్దవి చేసుకుని పోల్చి చూశాను. ఆఫీసులో అందరికీ చూపించాను. ఇన్ని చేసి, ఆ పాటల్లో ఒక్కటి కూడా చదవలేదు.

సైటు పూర్తయ్యాక, శభాష్ అనిపించుకోవాలని నేనే చీపురుపల్లి వెళ్లాను. మాస్టారు ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఫోనులో పేజీ తెరిచి చేతికిచ్చాను. ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చుని, తెర మీద వేలు పెట్టారు.

ఇమేజ్, అంది ఫోను.

వేలు కిందికి జరిపారు. ఇమేజ్. ఇంకాస్త జరిపారు. ఇమేజ్. తన వల్లే పొరపాటు అనుకున్నారేమో, వేలిని లుంగీకి శుభ్రంగా తుడుచుకుని మళ్లీ పెట్టారు.

“నా ఏలు సరిగా తగల్నేదేమో, నువ్వు సూడమ్మా,” అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు. ఆయనకు చూపు లేదని తెలియక చేశానని ఎవరూ అనుకోవద్దు. తెలుసు. తెలిసి తెలిసి, చూపు లేని మనిషి కోసం అక్షరాల అంచులు దిద్దుతూ కూర్చున్నాను. పాటల్ని బొమ్మలుగా పెట్టాననీ, వాటిలోని మాటలు ఫోనుకు అందవనీ చెప్పాను.

“అచ్చరాలు బాగొచ్చినాయా?” అన్నారు మాస్టారు.

వచ్చాయన్నాను. తిట్టినా బాగుండేది.

నేను చదువుతాను మాస్టారూ అని, ఆయన ఔననకముందే మొదలుపెట్టాను. నా తప్పు కప్పుకోవాలన్న తొందర అది. రెండు పాటలు పెదవులు కదుపుతూ విన్నారు. మూడోది దేవుడి పాట కాదు. ‘సిరా చేతులతో నా జడ ముట్టినవాడా’ అని మొదటి పాదం నా నోటి నుంచి వచ్చేసింది. మాస్టారు చెయ్యెత్తారు.

“అది సాలమ్మా. అది నాను సదూకుంటాను.”

లోకం మొత్తం ఆ పాట చదివినా ఆయనకు అభ్యంతరం లేదు. ఇంకొకరి గొంతులో వినడం మాత్రం ఆయన వల్ల కాదు. ముఖం గోడవైపు తిప్పుకున్నారు. నేను ఫోను బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని, ఏం చెప్పి బయటపడ్డానో కూడా గుర్తులేదు.

మర్నాడు ఆఫీసు పని పక్కన పెట్టి ముందు ఆ పాట టైపు చేశాను, ఫోను చదవగలిగే అక్షరాల్లో. ఆయనకు పంపాను. మధ్యాహ్నం ఫోను చేసి, “వచ్చినాదమ్మా,” అన్నారు. అంతే. చదివారా అని అడిగే ముఖం నాకు లేదు. బొమ్మలన్నీ తీసేసి మిగతా పాటలూ టైపు చేసి పెట్టాను. తర్వాతి వానాకాలంలో ఆయన పోయారు.

ఇప్పుడెవరైనా వచ్చి, ఈ కాగితం సైటులో పెట్టాలి, జేపీజీ మంచిదా పీఎన్‌జీ మంచిదా అంటే, ఇది ఎవరు చదువుకోవడానికని అడుగుతాను. నాకు చాదస్తమని మా ఆఫీసులో పేరు పడింది, పడనివ్వండి. ఆ పాటలో మిగిలిన పాదాలు మాత్రం నాకు కంఠతా వచ్చేశాయి, ఒక్కో అక్షరం కొడుతుంటే రాకుండా ఎలా ఉంటాయి? ఆయన నన్ను చదవొద్దన్న పాదాలవి. ఒక్కోసారి అన్నం వండుతుంటే వాటంతటవే నోటిదాకా వస్తాయి. పెదవులు బిగించుకుంటాను.