మా అరుగు మీద సుప్రీంకోర్టు

అబద్ధాలు చెప్పడంలో నాకు సాటి వచ్చేవాళ్ళు ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ మొత్తం మీద లేరు. ఇదొక్కటి మాత్రం నిజం.

మధ్యాహ్నం రైల్వే కార్ఖానా కూత కూసి మగవాళ్ళు మళ్ళీ పనిలోకి వెళ్ళిపోయాక, మా వరస క్వార్టర్ల ఆడవాళ్ళు చేటల్లో రేషను బియ్యం పోసుకుని మా అరుగు మీదకి చేరేవారు. రాళ్ళు ఏరడం పేరుకే, అసలు వచ్చేది నా కబుర్లకి. మన స్టేషను ప్లాట్‌ఫారం ఈ చివర దిగిన పెళ్ళికొడుకు ఆ చివరికి నడిచి వెళ్ళేసరికి గడ్డం నెరిసిపోయిందనీ, అక్కడ పెళ్ళికూతురి మనవరాలు ఎదురొచ్చి కాళ్ళకి నీళ్ళిచ్చిందనీ చెప్పేదాన్ని. పక్కూరు సాలువా నుంచి వస్తుంటే మా ఆయన సైకిలు వెనక నక్క ఎక్కి కూర్చుందనీ, గేటు దగ్గర మర్యాదగా దిగి వెళ్ళిపోయిందనీ చెప్పేదాన్ని. ఎవరూ నమ్మేవారు కాదు. నమ్మాలని నాకూ లేదు. కడుపులు పట్టుకుని నవ్వేవారు. నాకున్న ఆస్తల్లా ఆ నవ్వులే.

ఆ ఆస్తి మీదకి గార్డమ్మ వచ్చి పడింది.

ఆవిడ భర్త మెయిలు బండి మీద గార్డు. వాల్తేరు నుంచి బదిలీ అయి మా పక్క క్వార్టరులో దిగారు. సన్నగా, కళ్ళజోడుతో, అవసరానికి మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడని మనిషి. ఆవిడ కోసం తెలుగు పేపరు మెయిలులో ఒకరోజు ఆలస్యంగా వచ్చేది. స్టేషను పోర్టరు పొద్దున్నే తెచ్చి వాళ్ళ వెదురు తడికలో దోపి వెళ్ళేవాడు. మధ్యాహ్నం ఆవిడ దాన్ని పట్టుకుని మా అరుగు మీదకి వచ్చేది. సినిమాలూ కాదు, హత్యలూ కాదు, ఢిల్లీ సుప్రీంకోర్టు తీర్పులు వెతికి చదివేది. ఆవిడ తండ్రి ప్లీడరు గుమాస్తాట.

మొదటిరోజు చదివింది తమలపాకు తీర్పు.

"తమలపాకు కూరగాయ కాదని తేల్చేరు" అంది.

మా వరసలో పెద్దదైన ముసలమ్మ, నిప్పువైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే మనిషి, చుట్ట బయటికి తీసేసింది. "ఏటీ? తమలపాక్కోసం ఢిల్లీ ఎల్లినారా?"

"వెళ్ళేరు పిన్నీ. కూరగాయలకి పన్ను లేదు, తమలపాకూ ఆకే కదా, దీనికీ వద్దని వ్యాపారి వాదించేడు. మామూలు జనం దాన్ని కూర అంటారా, అదే చూడాలన్నారు జడ్జీలు."

"మా ముసిలోణ్ణి కూర తెమ్మంటే అదే తెస్తాడు. ఆణ్ణీ పంపు ఢిల్లీకి!"

అరుగంతా నవ్వు. నా అరుగు మీద, నాది కాని నవ్వు.

ఆ తరవాత రోజుకొకటి. సంజాయిషీ అడక్కుండా ఉద్యోగంలోంచి తీసేసిన మనిషికి మళ్ళీ ఉద్యోగం ఇమ్మన్నారు. ఇంకోరోజు ఇల్లు ఖాళీ చెయ్యనన్న అద్దెవాడి గొడవ. ఆవిడ ఉప్పూకారం లేకుండా చదివేది. అయినా చేటల్లో చేతులు ఆగిపోయేవి. నేను నక్కని మళ్ళీ సైకిలెక్కించబోతే ముసలమ్మ, "నువ్వుండే. గార్డమ్మని సదవనీ" అంది. పైగా ఆవిడ కూర్చోడానికి పీట నేనే తెచ్చి వెయ్యాలి. రాత్రి అన్నం సహించేది కాదు నాకు.

అన్నిటికంటే ఎక్కువ మండింది చివరింటి పిల్ల విషయంలో. పిల్ల అన్నానే గాని పాతికేళ్ళుంటాయి. భర్త పోయాక అన్న దగ్గరికి వచ్చి ఉంటోంది. అన్న కార్ఖానాలో ఖలాసీ. శ్రీకాకుళం వైపు అత్తవారి ఊళ్ళో, బతికున్నన్నాళ్ళూ తినమని పెద్దమనుషులు ఆమెకి ఎకరన్నర భూమి రాయించారు. ఇప్పుడు మరిది దాన్ని వెనక్కి రాసెయ్యమంటున్నాడు. "అది నువ్వు తినడానికే గాని నీది కాదు, ఆదివారం కాయితం పట్టుకొస్తున్నాను, వేలిముద్ర వెయ్యి" అని ఉత్తరం రాశాడు. ఆ భూమి పోతే ఇక ఎన్నాళ్ళు బతికినా వదినగారి చేతికూడే.

ఆ పిల్ల నన్ను అక్క వరసన అప్పా అని పిలిచేది. ఇదివరకు ఏడుపొస్తే నా దగ్గరికి వచ్చేది, నవ్వించమని. ఇప్పుడు రోజూ గార్డమ్మనే అడిగేది.

"అమ్మా, నాలాటిదాని గురించి ఏటైనా పడ్డాదా?"

"ఇంకా పడలేదమ్మా. పడితే ముందు నీకే చదువుతాను."

నన్ను ఒక్కసారీ అడగలేదు.

గురువారం పొద్దున్న కుళాయికి వెళ్తుంటే తడికలో పేపరు కనిపించింది. చుట్టూ ఎవరూ లేరు. నా చెయ్యే వెళ్ళింది, నేను ఆపలేదు. ఆ తీర్పులేవో నేనే చదివి, నా పద్ధతిలో చెప్పి, నా అరుగు నేను తిరిగి తీసుకుంటాను. అంతే నా ఆలోచన. ట్రంకు పెట్టెలో పట్టుచీర కింద దాచాను. శుక్రవారం పేపరూ అక్కడికే చేరింది. "రెండ్రోజులై పేపరు రావట్లేదు" అని గార్డమ్మ ఖాళీ చేతులతో కూర్చుంది. జనం నా వైపు తిరిగారు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

శుక్రవారం పేపరు రెండో పేజీలో ఆ తీర్పు ఉంది. ఎవరో వితంతువుకి బతుకుతెరువు కింద ఇచ్చిన భూమి. కొత్త చట్టం వచ్చాక అది పూర్తిగా ఆమెదే, బతికున్నంతవరకే అన్న షరతు చెల్లదు అన్నారు.

ఆ మధ్యాహ్నమే చెప్పాను, ఎక్కడ చదివానో మాత్రం చెప్పకుండా. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఊరుకుంటే ఎంత బాగుండేది! నోరు ఊరుకోదే. జడ్జీగారు కళ్ళజోడు తీసి వెక్కివెక్కి ఏడ్చారన్నాను. ఆ అమ్మాయికి భూమి దక్కేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనని బల్ల గుద్దారన్నాను. అరుగు మీద అందరూ విరగబడి నవ్వారు. ఆ పిల్లే అందరికంటే ముందు నవ్వి, తరవాత కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వు సెప్తే కాసేపు నిజమేనేమో అనిపిస్తాది అప్పా" అంది.

ఆదివారం మరిది దిగాడు. చివరింటి అరుగు మీద స్టాంపు కాయితం, సిరా డబ్బా. వీధంతా చేరింది. నేను పరుగెత్తాను.

"ఒలే, ఏలుముద్ర ఎయ్యకే! భూమి నీదే! పేపర్లో పడ్డాది!"

"అప్పా, పరాసికాలకి ఇదా సమయం?" అంది ఆ పిల్ల.

"ఎవరీవిడ?" అన్నాడు మరిది.

"మా కబుర్లమ్మ. నక్కని సైకిలెక్కించినాది" అంది ముసలమ్మ.

అందరూ నవ్వారు. జన్మలో మొదటిసారి నాకు నవ్వు వద్దనిపించింది. ఆ పిల్ల బొటనవేలికి అప్పటికే సిరా అంటుకుంది.

పేపరు తెచ్చి నేనే చదివితే? అందులో లేనిది చదువుతున్నాననేవారు. అక్షరం ముక్క వచ్చినవాళ్ళు అక్కడ మరిది, నేను. గార్డమ్మ చదవాలి. ఆవిడ చదివితేనే నమ్ముతారు. ఇంటికి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి, రెండు పేపర్లూ తీసుకుని ఆవిడ గుమ్మంలో నిలబడ్డాను. పేపర్లు చాపాను. ఆవిడ తారీఖులు చూసింది. నా మొహం చూసింది. పేపర్ల నుంచి కలరా ఉండల వాసన వస్తోంది.

"ఎక్కడుంది?" అంది.

"రెండో పేజీ."

అంతే. కళ్ళజోడు పెట్టుకుని చెప్పులు వేసుకుంది.

చివరింటి అరుగు ముందు నిలబడి రెండుసార్లు చదివింది, మామూలు గొంతుతో. ఎవరూ నవ్వలేదు. మరిది పేపరు లాక్కుని చూశాడు, అదెక్కడి తగువో ఎవరి తగువోనన్నాడు. ఆ పిల్ల అన్న లేచి, "బావా, కాయితం మడతెట్టు. మన తగువూ ఆ తగువూ ఒకటే" అన్నాడు. ఆ పిల్ల వేలి సిరా గోడకి రాసేసి గార్డమ్మ చేతులు పట్టుకుంది, వదల్లేదు. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను.

అప్పుడు ముసలమ్మ అడిగింది: "ఇంత మంచి కబురు ఇన్నాళ్ళూ ఎక్కడెట్టినావే గార్డమ్మా?"

ఆవిడ నా వైపు చూడనైనా చూడలేదు.

"మెయిలు లేటు పిన్నీ. రెండ్రోజులవీ ఇవాళే వచ్చేయి."

"ఔను, ఈ మద్దిన బళ్ళన్నీ అలాగే తగలడ్డాయి" అంది ముసలమ్మ. ఇంకొకావిడ తమ్ముడు ఆరుగంటలు ఆలస్యంగా దిగాడంది. వీధి వీధంతా తలలూపింది.

నేను ఎన్నేళ్ళుగా నక్కలనీ పెళ్ళికొడుకులనీ పోషించుకొస్తున్నాను. ఒక్కదాన్నీ ఒక్కరూ నమ్మలేదు. ఆవిడ జన్మానికి ఒక్క అబద్ధం ఆడింది, అదీ నా కోసం. ఒక్క వాక్యం. చెమట కూడా పట్టలేదు. అడగనివాళ్ళు కూడా సాక్ష్యం చెప్పారు.

ఆవిడకి నేను రుణపడి ఉన్నాను, నిజమే. కాని ఆ వాక్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అది నాకు తట్టవలసింది.