ముందే పడిన నల్లబంతి

మా రేపల్లెలో క్యారమ్స్ ఆడే ప్రతివాడికీ మా నాన్న సంగతి తెలుసు. తెనాలిలో మాష్టారుగా చేసిన రోజుల్లో సాయంత్రాలు ఆయన బోర్డు ముందు కూర్చుంటే చూడ్డానికి జనం చేరేవారట. ఆయనకో పద్ధతి ఉండేది. ఎవరితో ఆడినా మొదటి స్ట్రోకూ, దాంతో వచ్చే తెల్లకాయలూ ఎదుటివాళ్లకే ఇచ్చేసేవారు. నల్లవి తనకుంచమనేవారు. అదో మర్యాద, కాస్త గర్వం కూడా.

తొంభైల మొదట్లో ఆయనకి పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది గానీ కుడిచెయ్యి వణుకు మానలేదు. ఎవరైనా ఆటకి పిలిస్తే కళ్లు లాగుతున్నాయని తప్పించుకునేవారు. నాకు ఒళ్లు మండేది. కళ్లు నిక్షేపంలా ఉన్నాయి, పేపరు అక్షరం వదలకుండా చదువుతారు.

బాపట్లలో ఉండే మా బాబాయి ఓడ ఉద్యోగంలో సింగపూర్ వెళ్లి, చేత్తో పట్టుకుని ఆడే వీడియో గేమ్ పెట్టె ఒకటి తెచ్చాడు. అందులో పూల్ అనే ఆట ఉంది. బల్ల, ఆరు పాకెట్లు, కర్రతో పొడిచే బంతులు. తెర మీద రంగుల్లేవు. కొట్టే బంతి తెల్లన, ఒకటి నల్లన, మిగతావన్నీ బూడిద రంగే, సగం చారలవి; ఒక రకం మనవి, రెండోది ఎదురు ఆడే పెట్టెవి. చెయ్యి వణికినా పర్వాలేదు, గురి చూసుకుని ఒక్క బటన్ నొక్కితే చాలు. ఆ బటన్ నాన్న చేత నొక్కించగలనా అని నాకు ఒకటే ఆత్రం. వారం రోజులకని అడిగి పట్టుకొచ్చాను.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక బతిమాలి, దెప్పి, ఆయన ఒళ్లో పెట్టాను. నాన్న చాలాసేపు గురి చూసి ఎడం బొటనవేలితో నొక్కారు. నల్లబంతి పాకెట్లో పడింది. ఎంత చక్కగా పడిందో! అంతలో పెట్టె ఓ ఏడుపు రాగం తీసి, ఓడిపోయారని ఇంగ్లీషులో చూపించి, ఆట ఆపేసింది. మళ్లీ ఆడారు. మళ్లీ నల్లదే పడింది, మళ్లీ అదే రాగం. మూడోసారీ అంతే అయ్యేసరికి పెట్టెని మంచం మీద పెట్టేశారు.

పెట్టె పాడైందన్నాను నేను.

"ఆడలేక మద్దెల ఓడనకూడదు. నాకు తెలీకుండానే ఎక్కడో ఫౌల్ చేస్తున్నాను. ఆ చెయ్యి పోయిందమ్మా, అంతే," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలీదు. బంతి పడితే ఓడిపోవడం ఏంటి? పెట్టెతో వచ్చిన సూచనల కాగితం చూద్దామంటే అది జపాను భాషలో ఉంది. కాలేజీ నుంచి రాగానే రెండ్రోజులు అదే పని. వంకరగా కొట్టాను. తెల్లబంతినే పాకెట్లో వేశాను. కావాలని గురి తప్పాను. ఏం చేసినా ఆట నడుస్తూనే ఉంది. నల్లది పడితేనే ఆ ఏడుపు. చివరికి నా బంతులన్నీ అయ్యాక నల్లది వేసి చూశాను. పెట్టె గెలుపు పాట పాడింది.

పరిగెత్తుకెళ్లి చెప్పాను: క్యారమ్స్‌లోలా కాదు, ఇందులో నల్లది ఎవరిదీ కాదు, అన్నిటికన్నా చివర కొట్టాలి.

"అయితే నేను కొట్టినవి సరిగ్గానే పడ్డాయా?" అని అడిగారు నాన్న.

"మూడుకి మూడూ పడ్డాయి నాన్నా."

పెట్టె ఇలా తెమ్మన్నారు. నల్లదాని జోలికి పోకుండా ఆడారు. రెండు పడ్డాయి, నాలుగు తప్పాయి. పెట్టే గెలిచింది. నాన్న మొహం వెలిగిపోయింది.

"ఈసారి నిజంగానే ఓడిపోయానే అమ్మాయ్," అంటూ ఇంకో ఆట మొదలుపెట్టారు.