'మంచిగున్న' అన్నన్ని రోజులు

ఆ రోజు తెల్లవారి నమాజులో, ఎప్పుడూ ఒక్క ఊపిరిలో చదివే చిన్న వాక్యం మధ్యలో తెగిపోయింది. దగ్గు. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ తెగింది. అప్పటికే రెండు వారాలుగా సాయంత్రమైతే జ్వరం. డైరీలో రాసుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

మాది కోరుట్ల. మా నాన్న, అబ్బా, సౌదీలోని దమ్మామ్‌లో డ్రైవర్. గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లలో ఫోన్‌లో చెడ్డ మాట చెప్పరు. అంత దూరాన విని ఏం చేయగలడని. శుక్రవారం వీడియో కాల్‌కు ముందు అమ్మీ నన్ను ముఖం కడుక్కుని రమ్మనేది. "ఎట్లున్నవ్ బిడ్డా?" అంటే "మంచిగున్న అబ్బా" అనేదాన్ని.

బాగా చిక్కిపోయాక అమ్మీ జగిత్యాల తీసుకెళ్లింది. ఎక్స్‌రే, కఫం టెస్ట్. "ఊపిరితిత్తుల టీబీ. ఆరు నెలల కోర్సు. ఏ ఇబ్బందొచ్చినా చెప్పాలమ్మా" అన్నారు డాక్టర్. తలూపాను.

రెండో నెలలో అన్నం వాసనకే వాంతులు. మూత్రం ముదురు రంగు. అవీ డైరీలోకే పోయాయి. చెకప్‌లో "ఏమైనా ప్రాబ్లమా?" అని అడిగితే శుక్రవారం మాటే నోటికొచ్చింది.

"ఏం లేదు సార్. మంచిగున్న."

పది రోజులకు కళ్లు పసుపెక్కాయి. లివర్ టెస్ట్ చేసి, మందుల వల్ల లివర్ దెబ్బతిందని అన్నీ ఆపేశారు. "ఇంకా దాస్తే ప్రాణం మీదికొచ్చేది. ఎవరి కోసం దాచినవమ్మా?" అన్నారు.

కఫం టెస్ట్ నెగిటివ్ వచ్చాక విశ్రాంతికి సిరిసిల్లలో ఖాలా ఇంటికి పంపారు. ఖాలా అమ్మీ చెల్లెలు; వాడలో ఆడపిల్లలకు ఖురాన్ అర్థంతో సహా నేర్పుతుంది. పక్క సందులో మరమగ్గాలు రోజంతా మోగేవి. నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

"దువా చేసుకున్నవా?" అంది ఒక మధ్యాహ్నం.

"ఓపిక లేదు ఖాలా. ఏమడగాల్నో తెలుస్తలేదు."

"అడగకు. చెప్పు."

"అల్లాకు తెల్వదా?"

"ఎందుకు తెల్వదు! అయినా అయ్యూబ్ నబీ ఏమన్నడు? నాకు బాధ తాకింది, నువ్వు అందరికన్న దయగలవాడివి అన్నడు. గంతే. నయం చెయ్యుమని సుత అడగలే. జకరియ్యా నబీ అయితే నా బొక్కలు సచ్చువడ్డయి, తల నెరిసిందని మొదలువెట్టిండు. నబీలే దాయలేదు, నువ్వు వాళ్లకంటె పెద్దదానివా?" నవ్వింది. "అన్నీ తెలిసినాయనకే చెప్పుకోవాలె. మరి నీ డాక్టర్‌కు ఎట్ల తెలుస్తదే?"

ఖురాన్‌లో ఆ ప్రవక్తల దువాలు వెతికి చదివాను. చాలా చిన్నవి. ముందు తమ స్థితి, తర్వాత ఆయన గుణం. కొన్నింటిలో కోరిక ఉంది, కొన్నింటిలో అదీ లేదు. సిగ్గుపడటం, సంజాయిషీ ఎక్కడా కనిపించలేదు.

ఆ శుక్రవారం ముఖం కడుక్కోలేదు. "టీబీ వచ్చింది అబ్బా. లివర్ దెబ్బతిన్నది. మస్తు అలిసిపోయిన."

అబ్బా మెల్లగా అన్నాడు: "నాకు గూడ బీపీ ఉన్నది బిడ్డా. ఏడాదాయె. మీకు చెప్పలే."

లివర్ కుదుటపడ్డాక మందులు ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టారు. ప్రతి మాత్రకూ భయమే. కోర్సు అనుకున్నదానికన్నా చాలా సాగింది. ఇప్పుడు అయిపోయింది. మెట్లెక్కితే ఇంకా ఆయాసం వస్తుంది. వస్తే వచ్చిందనే చెబుతున్నాను. అబ్బా కూడా శుక్రవారం కాల్‌లో మొదట తన బీపీ చెప్పి, తర్వాతే నన్ను అడుగుతాడు.

నాలాంటి మొహమాటస్తులకు ఒక్కటే మాట. డాక్టర్ ముందు నోరు పెగలకపోతే, ఏ రోజు ఏమైందో రాసిన కాగితం ఆయన చేతికివ్వండి. నా డైరీలో అన్నీ ఉన్నాయి. ఆ చెకప్ రోజు అది నా బ్యాగులోనే ఉంది.