పెద్దింట్లమ్మ లాడ్జి బోర్డు

ముప్పై ఏళ్ళుగా బోర్డులు రాస్తున్నాను. ఫ్లెక్సీలు వచ్చి మా పొట్ట కొట్టాక కూడా, మురమళ్ళ చుట్టుపక్కల కొట్ల వాళ్ళు కొందరు ఏలీయా చేతి రాతే కావాలంటారు. అన్ని బోర్డులు రాశాను గానీ, ఒక్కదాన్ని తలుచుకుంటే మాత్రం నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. అది పెద్దింట్లమ్మ లాడ్జి బోర్డు.

పెద్దింట్లమ్మ అంటే ఆ లాడ్జి కొన్న సత్యవేణి గారి తల్లి పేరు. సత్యవేణి గారిది గోదావరి సముద్రంలో కలిసే వైపు ఊరు. పెళ్ళయిన నాలుగేళ్ళకి భర్త సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆవిడకి కూర్చుని ఏడ్చే తీరిక కూడా లేకపోయింది. ముసలి తల్లి, బళ్ళో చదువుతున్న తమ్ముడు నాగదుర్గాప్రసాద్, ఇద్దరూ ఆవిడ మీదే పడ్డారు. కువైట్ వెళ్ళి ఒకే ఇంట్లో పదహారేళ్ళు పని చేశారు. తమ్ముణ్ణి చదివించారు, పెళ్ళి చేశారు. తల్లి పోయినప్పుడు మాత్రం రాలేకపోయారు.

తిరిగొచ్చాక తలా ఒక సలహా ఇచ్చారు. రొయ్యల చెరువు లీజుకి తీసుకోమన్నారు, స్థలం కొని పడెయ్యమన్నారు. ఆవిడ అందరి మాటా విని, వీరేశ్వరస్వామి గుడికి నడిచి వెళ్ళే దూరంలో ఎనిమిది గదుల పాత లాడ్జి కొన్నారు. ఆ గుళ్ళో స్వామికి రోజూ కల్యాణమే. పెళ్ళి కావలసిన పిల్లల్ని వెంటబెట్టుకుని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి కల్యాణం చేయించుకుంటారు.

"పదహారేళ్ళు ఇంకోళ్ళ గదులు తుడిచేనండి. ఇంక నా గదులు నేను తుడుచుకుంటాను," అన్నారు నాతో.

అన్నట్టే చేశారు. బాత్రూముల పాచి గోకించారు, గోడల చెమ్మ పోగొట్టించారు, కుంటి మంచాలు మార్పించారు. దుప్పటి మూలలు పరుపు కిందికి మడిచి దోపితే, పిల్లలు ఎగిరి గంతులేసినా ఊడేది కాదు.

ఇక తెరిచే రోజొచ్చింది. హోమం పెట్టించారు. పంతులుగారు "అమ్మా, మీరే వచ్చి సంకల్పం చెప్పుకోండి" అని పిలిచారు కూడా. ఈ మాట నా చెవులతో విన్నాను. కానీ చుట్టాల ఆడవాళ్ళు ఊరుకోవద్దూ. పీటల మీద దంపతులే కూర్చోవాలన్నారు, శుభమా అని తెరుస్తూ ఇదేం పని అన్నారు. పెద్ద మేనత్త అచ్చాయమ్మ గారైతే మొహం చిట్లించుకుని లేచి వెళ్ళబోయింది. చివరికి తమ్ముడూ, మరదలు సత్యదుర్గా పీటల మీద కూర్చున్నారు. లాడ్జి కొన్న మనిషి వంటింటి గుమ్మంలో కొబ్బరికాయల సంచి పట్టుకుని నిలబడింది.

నేను చర్చికి వెళ్ళే మనిషిని, హోమాల సంగతి మనకెందుకని నోరు మూసుకున్నాను. ఆ పూటే బోర్డు పూర్తి చెయ్యాలి. ప్రొప్రైటరు అని ఎవరి పేరు రాయాలి? ఆవిణ్ణి అడగొద్దూ? పీటల మీద కూర్చున్నవాడే యజమాని అని మా చేతులకి అలవాటు. తమ్ముడు తన పేరు చెప్పాడు, నేను రాసేశాను. ఎర్ర ఎనామిలు, పసుపు అంచు.

సాయంత్రం ఆవిడ బయటికొచ్చి బోర్డు చూశారు. "తమ్ముడి పేరే కదండీ, ఉండనివ్వండి," అన్నారు.

ఉండనిస్తే ఏమైందో ఏడాదిలోనే చూశాను. సొమ్మొకడిది, సోకొకడిది. కౌంటరు తమ్ముడిది, ఫ్యాను తమ్ముడిది. వచ్చిన ప్రతివాడూ అతనికి నమస్కారం పెట్టి "ఓనరుగారూ" అనేవాడు. ఆవిణ్ణి "ఏమ్మాయ్, బకెట్టు తే" అనేవారు. ఆ మాట వింటూ కూడా కుర్చీలోంచి కదలని తమ్ముణ్ణి ఏమనాలి? "మా అక్క" అనడానికి నోట్లోంచి ముత్యాలేమైనా రాలతాయా?

మొన్న మాఘమాసంలో గదుల నంబర్లు రాయడానికి వెళ్ళాను. ఏలూరు నుంచి ఒక కుటుంబం దిగింది. కూతురికి పెళ్ళి కుదరాలని కల్యాణం చేయించుకోవడానికి వచ్చారు. గుడికి బయల్దేరే ముందు ఆ పిల్ల తల్లి కౌంటరు దగ్గరికొచ్చింది.

"ఏమండీ, మీ పనావిడ భర్త పోయినావిడట కదా. మేం బయటికెళ్ళే టైముకి ఎదురు రాకుండా కాస్త లోపల ఉండమంటారా?"

తమ్ముడు సరేనన్నాడు. "పనావిడ కాదు, మా అక్క" అనలేదు సరికదా, వరండాలో దుప్పట్లు మడుస్తున్న అక్క దగ్గరికొచ్చి, "అక్కా, ఓ పావుగంట పెరట్లోకెళ్ళు. వాళ్ళకి పట్టింపులు," అన్నాడు.

ఆవిడ మడుస్తున్న దుప్పటి పూర్తిగా మడిచి పక్కన పెట్టారు. లోపలికెళ్ళారు. పెరట్లోకి వెళ్ళిపోయారనే అనుకున్నాను. రెండు నిమిషాల్లో ఆవిడ హోమం నాటి పీట పట్టుకుని బయటికొచ్చారు. అటక మీద దుమ్ము ఇంకా దాని మీదే ఉంది. గేటు పక్కన వేసుకుని కూర్చున్నారు. ఆ లాడ్జికి ఉన్నది అదొక్కటే గేటు.

"ఏంటక్కా ఇది? ఈ మాట బయటికెళ్తే కల్యాణాల వాళ్ళెవరూ మన గడప తొక్కరు. లాడ్జి మూసుకోవాలి," అన్నాడు తమ్ముడు.

"మూసుకుంటే మూసుకుంటాను. కువైట్లో పరాయి ఇంట్లో కూడా నన్నెవరూ పెరట్లోకి పొమ్మనలేదురా. నా లాడ్జిలో పొమ్మన్నావు."

"అది కాదక్కా..."

"ఈ పీట మీద నిన్ను కూర్చోనిచ్చింది నేనే. తప్పు నాది. అందుకే నేనే సరిచేసుకుంటున్నాను."

గుడికి టైమైపోతోంది. తల్లి గుమ్మంలో గింజుకుంది. తండ్రి గడియారం చూసుకున్నాడు. పిల్ల మాత్రం చరచరా నడిచి ఆవిడ ముందు నుంచే రోడ్డెక్కింది. మిగతా ఇద్దరూ తలలు దించుకుని వెనకాలే పోయారు.

"ఏలీయా గారూ, రంగులున్నాయా?" అన్నారు సత్యవేణి గారు.

"ఆయ్, ఉన్నాయండీ."

"రేప్పొద్దున్నే బోర్డు పని చూడండి." తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "ఆ దుప్పట్లు నాలుగో గదిలో వెయ్యి. మూలలు లోపలికి దోపాలి. రాకపోతే అడుగు," అన్నారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, మర్నాడు తెల్లవారగానే నిచ్చెన వేసుకుని పాత పేరు మీద ఎరుపు పూశాను. ఆరాక ఆవిడ పేరు రాశాను. డబ్బులిస్తే తీసుకోలేదు. నా తప్పుకి ఆవిడ దగ్గర కూలి పుచ్చుకోవడానికి సిగ్గుండొద్దూ.

ఆఖరి అక్షరం దిద్దుతుండగా ఏలూరు ఆవిడ చెంబు పట్టుకుని బయటికొచ్చింది. కౌంటరు ఖాళీగా ఉంది. అటూ ఇటూ చూసి నన్నడిగింది.

"ఓనరుగారెక్కడున్నారండీ? వేడినీళ్ళు కావాలి."

"గేటు దగ్గర పీట మీద కూర్చున్నారండీ. నిన్న మీరు గుడికెళ్తుంటే ఎదురొచ్చేరు చూడండి, ఆవిడేనండి," అన్నాను.