మాణిక్యం సొంత గ్లాసు

మాణిక్యం కొబ్బరికాయలు వలుస్తాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే పని. నేలలో పాతిన గునపం మీద కాయను పొడిచి, మూడు విసుర్లలో డొక్క ఊడదీస్తాడు. ఐదో తరగతితో బడి మానేశాడు గానీ, కాయ చేత్తో పట్టుకుంటే లోపల నీళ్ళు ఎంతున్నాయో చెప్పగలడు. చెప్పమని ఎవరూ అడగరు.

పదింటికి పని ఆపి, కాలువ గట్టు మీదున్న బేబి టీ కొట్టుకు వెళ్తాడు. మొన్నమొన్నటి వరకూ అక్కడ టీ ప్లాస్టిక్ కప్పులో ఇచ్చేవారు. బొటనవేలంత కప్పు. మూడు గుక్కలు తాగి వెనక్కి విసిరితే కాలువలో పడేది. అలా అందరూ ఏళ్ళ తరబడి విసిరారు. కిందటి వానాకాలం తూము పూడుకుపోయి నీళ్ళు వీధుల్లోకి వచ్చాయి. తవ్వితే కప్పులు, టీ కవర్లు, నీళ్ళ ప్యాకెట్లు ట్రాక్టరు నిండా వచ్చాయి. ఒకటో తారీకు నుంచి ఊళ్ళో ప్లాస్టిక్ కప్పు కనపడకూడదని పంచాయతీ వాళ్ళు తీర్మానం చేశారు. ఊరు ఒప్పుకుంది, మాణిక్యం వాళ్ళ పేట కూడా ఒప్పుకుంది.

బేబి అమలాపురం వెళ్ళి రెండు డజన్ల గాజు గ్లాసులు కొనుక్కొచ్చింది. అక్కడి కొట్టువాడి దగ్గర గీతల గ్లాసులు ఒక్క డజనే ఉన్నాయట. రెండో డజను నున్నటివి ఇచ్చాడు. రెండు రకాలనూ కడిగి, బల్ల మీద రెండు వరసల్లో బోర్లించింది.

మాణిక్యం ఆ రెండు వరసల్నీ చూశాడు. టీ తాగకుండానే వెనక్కి వచ్చేశాడు.

ఇప్పుడు బేబి నడిపే కొట్టు మాణిక్యం చిన్నప్పుడు ఆమె మామగారిది. మాణిక్యం తండ్రి యోహాను ముందువైపు నిలబడేవాడు కాదు. వెనక చూరులో పేటవాళ్ళ గ్లాసులు దోపి ఉండేవి. తన గ్లాసు తానే తీసుకుని, తానే కడుక్కుని చాపితే, పైనుంచి టీ పోసేవారు. తాగి, మళ్ళీ కడిగి, మళ్ళీ చూరులో దోపేవాడు. ప్లాస్టిక్ కప్పులు వచ్చాక చూరులో గ్లాసులు పోయాయి. అందుకు ఎవరూ తీర్మానం చెయ్యలేదు. ప్లాస్టిక్ మంచిదని మాణిక్యం ఏనాడూ అనలేదు. తూము దగ్గర బురద తీసినవాళ్ళలో అతనూ ఉన్నాడు. కానీ ఆ కప్పు అందరికీ ఒక్కటే.

ఇప్పుడు ఏ వరస ఎవరిదో అడగొచ్చు. అడిగితే జవాబు వస్తుంది. అదే అతని భయం.

మర్నాడు ఇంట్లోంచి స్టీలు గ్లాసు తీసి తువ్వాల్లో చుట్టుకున్నాడు. భార్య సత్యవతి చూసింది.

"ఏవయ్యా, కొట్లో గ్లాసులు కొన్నారంట గదా."

"మనది మనకుంటే మంచిది."

"మంచిదే. నిన్న అన్నం క్యారేజీ మర్చిపోయి వెళ్ళేవు. ఇయ్యాల గ్లాసు మర్చిపోలేదు. తెలివొచ్చింది."

బేబి ఏమీ అనుకోలేదు. ఆ గ్లాసులోనే టీ పోసింది. కడగాల్సిన గ్లాసు ఒకటి తగ్గిందని సంతోషించింది కూడా.

వారం తిరక్కుండా ఇంకొకరు సొంత గ్లాసుతో రావడం మొదలుపెట్టారు. ఆయన పదెకరాల కొబ్బరితోట ఉన్న సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు. ఆయన గ్లాసు మీద పేరు చెక్కి ఉంటుంది. పేరు పొడుగు కాబట్టి గ్లాసు చుట్టూ తిరిగింది. ఆయన కూడా ఆ రెండు వరసల్నీ చూశారు. ఏ గ్లాసులో ఎవరు తాగారో తెలియడం లేదని ఆయన బాధ.

ఇదంతా పంచాయతీ కార్యదర్శి బిందుకు తెలియదు. చిన్న వయసు, బదిలీ మీద వచ్చిన పిల్ల. ఇద్దరు మనుషులు సొంత గ్లాసులతో టీ తాగడం చూసింది. చాలా సంబరపడింది. శనివారం పంచాయతీ దగ్గర సభ పెట్టి ఇద్దరికీ శాలువాలు కప్పింది. గ్లాసులు పైకెత్తించి పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీయించింది. వాళ్ళిద్దరూ అంత దగ్గరగా నిలబడడం అదే మొదలు.

సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు మైకు తీసుకున్నారు.

"ఎవరి గ్లాసు వాళ్ళకుండడం మన ఊరికి కొత్త కాదండి. మా నాన్నగారి రోజుల్లో ఇదే పద్ధతి. మధ్యలో ఈ ప్లాస్టిక్ వచ్చి పాడుచేసింది. మళ్ళీ ఆ రోజులు వచ్చేయి. సంతోషం."

అందరూ చప్పట్లు కొట్టారు. మాణిక్యం కూడా రెండు దెబ్బలు కొట్టి ఆపాడు. నాన్న గ్లాసు చూరులో ఉండేది. తనది తువ్వాల్లో వస్తోంది. నాన్న గ్లాసు అక్కడ పెట్టమని ఎవరో చెప్పారు. తనకు ఎవరూ చెప్పలేదు.

"మాణిక్యం గారూ, మీరూ రెండు మాటలు చెప్పండి," అంది బిందు.

"నాకు మాటలు రావండి."

"మీరు తెచ్చుకోడానికి కారణం చెప్పండి, చాలు."

మాణిక్యం మైకు వైపు చూశాడు. "భయపడి తెచ్చుకున్నానండి. సోమారం నుంచి తేనండి."

ప్లాస్టిక్ వల్ల వచ్చే జబ్బులకు భయపడ్డాడని బిందు సభకు వివరించింది. మళ్ళీ చప్పట్లు కొట్టారు.

సోమవారం పదింటికి ఖాళీ చేతులతో కొట్టు ముందు నిలబడ్డాడు. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు బల్ల మీద కూర్చుని తన గ్లాసులో తాగుతున్నారు.

"గ్లాసేదండి మాణిక్యంగారు?" అంది బేబి.

"ఇంటికాడుందండి."

"మరి దేంట్లో పొయ్యను?"

"ఏ వరస మాదైతే దాంట్లో పొయ్యండి."

బేబి గరిటె ఆపి అతని వైపు చూసింది. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె మొహం ఎర్రబడింది.

"వరసేంటండి. అమలాపురం కొట్లో గీతలియ్యి అయిపోయేయి. చేతికేదొస్తే అదిస్తన్నాను. మీకూ అంతే, ఈయనగారికీ అంతే. ఈయనగారు తెచ్చుకున్న గ్లాసు కూడా నేను ఆ బకెట్లోనే జాడిస్తన్నానండి, ఆయ్."

సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు గుక్క మింగి, బకెట్ వైపు చూశారు. బకెట్ ఒక్కటే ఉంది.

బేబి చేతికందిన గ్లాసులో టీ పోసి ఇచ్చింది. మాణిక్యం బల్ల మీద, ఆయన పక్కన కూర్చున్నాడు. ఆయన కొద్దిగా జరిగారు. అది చోటిచ్చినట్టో, ఎడం పెట్టినట్టో చెప్పడం కష్టం. గాజు గ్లాసు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, అందుకని మెల్లిగా తాగాడు. ప్లాస్టిక్ కప్పుకంటే టీ ఎక్కువే పట్టింది.

తాగాక గ్లాసు కడగడానికి బకెట్ మీదికి వంగాడు.

"అక్కడెట్టెయ్యండి," అంది బేబి. "కడగడం నా పని."

మాణిక్యం ఎంగిలి గ్లాసుల మధ్య తన గ్లాసు పెట్టి, ఇంకా నాలుగొందల కాయలున్న రాశి దగ్గరకు వెళ్ళిపోయాడు.