అంటని మచ్చ

చీపురుపల్లి దగ్గరి ఓ పల్లె బడిలో కూర్మమ్మ తొమ్మిదేళ్లు మధ్యాహ్న భోజనం వండింది. రెండొందల మందికి సాంబారు కాచినా ఏనాడూ ఉప్పు తప్పలేదు. 2016 వేసవిలో ఆమె వేళ్ల మీద తెల్ల మచ్చలు లేచాయి. దసరా నాటికి మణికట్టు దాటాయి. బొల్లి అన్నారు. ఊళ్లో ఆరెంపీ డాక్టరు ఇచ్చిన పసరు పూస్తే చర్మం బొబ్బలెక్కిందే గాని మచ్చ పోలేదు. ఓరోజు ఒక తల్లి బడికొచ్చి తన పిల్ల ముందున్న కంచం లాగేసింది. మర్నాడు పదిమంది వచ్చారు.

బడి కమిటీ పెద్ద గణపతిరావు ఆమెను పిలిచాడు.

"వంటకి రావద్దు కూర్మమ్మా. మచ్చ పెరగడం ఆగిందని డాక్టరు చేత రాయించుకొస్తే అప్పుడు సూద్దాం."

"ఇది అంటుతాదని నీకెవులు సెప్పారు బాబూ?"

"ఒకలు సెప్పాలేటి? కనిపిస్తన్నాది కదా!"

కూర్మమ్మ తలూపి బయటికొచ్చింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. నిన్నటిదాకా తన చేతి అన్నం తిన్నవాళ్లే కొళాయి దగ్గర బిందెలు పక్కకి జరుపుకుంటున్నారు.

విజయనగరంలో చర్మం డాక్టరు శైలజ గదిలో లైట్లన్నీ ఆర్పి, ఊదారంగు దీపం ఆమె చేతి మీదకి తిప్పింది. మచ్చలు సుద్దముక్కల్లా మెరిశాయి. పగటి వెలుగులో కనపడని మచ్చ ఒకటి మోచేతి దగ్గర బయటపడింది. తర్వాత భూతద్దంలాంటి చిన్న పరికరం చర్మానికి ఆనించి ఫొటోలు తీసి, కంప్యూటర్లో పెద్దవి చేసి చూపించింది.

"చూడమ్మా, వేళ్ల మీద అంచు గీత గీసినట్టుంది. ఇవి ఆగినట్టే. మోచేతి దగ్గర అంచు మసగ్గా ఉంది, చుట్టూ తెల్ల చుక్కలున్నాయి. ఇది ఇంకా పెరుగుతోంది. మందు వాడదాం. మూడు నెలలకి మళ్లీ ఫొటో తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

"పెరగతన్నాదని రాసేస్తే నా వంట పోతాదమ్మా" అంది కూర్మమ్మ.

"పెరిగినా, ఆగినా ఇది ఎవరికీ అంటదు. ఆగితేనే వండమనడానికి వాళ్లెవరు?" డాక్టరు గొంతు లేచింది. ఉన్నదున్నట్టు రాసి, అంటువ్యాధి కాదన్న మాట కింద గీత గీసి ఇచ్చింది.

బస్సులో దారంతా కూర్మమ్మకి తన మీద తనకే కోపం. ఆగిందని రాయించుకురమ్మంటే, తప్పు చేసినదానిలా ఎందుకు తలూపింది?

గణపతిరావు కాగితం చదివి, "ఇంకా పెరగతన్నాదని రాసుందిగా!" అన్నాడు.

"పెరిగితే నా ఒంటి మీద పెరుగుతాది. నీ కంచంలో పెరుగుతాదేటి? కింద గీత గీసిందేటో అది కూడా సదువు. పదిమందికీ ఇనబడేలా సదువు!"

ఆయన చదవలేదు. కూర్మమ్మ ఆ కాగితం పట్టుకుని మండల విద్యాధికారి దగ్గరికి వెళ్లింది. నాలుగుసార్లు తిప్పారు. అయిదోసారి ఆ గుమ్మంలోనే కూర్చుంది. చివరికి ఆమెను పనిలోకి తీసుకోమని ఉత్తర్వు వచ్చింది.

తప్పయిందని ఒక్కరూ అనలేదు. వంటలోకి వచ్చిన రోజున గణపతిరావు ఒక జత రబ్బరు తొడుగులు పంపాడు. వంటగదిలో ముగ్గురు ఆడవాళ్లుంటే ఒక్క జతే. కూర్మమ్మ వాటిని తెచ్చినవాడి చేతే తిప్పి పంపించింది.

"ముగ్గురికీ ఇస్తే ఏసుకుంటాను. నాకొక్కదానికైతే ఒద్దని సెప్పు" అని, చేతులు కడుక్కుని బియ్యం ఎసట్లో పోసింది.