అలికిన వాకిట్లో కొత్త జాకీ

మా చిన్నప్పుడు... మా అయ్య విశాఖపట్నం నుంచి ఒక జాకీ పట్టుకొచ్చాడు. లావుపాటి సీసాలా, ఎర్రగా ఉండే హైడ్రాలిక్ జాకీ. రాడ్డు పెట్టి ఆడిస్తే చాలు... జీపు మెల్లగా పైకి లేచేది.

మాది డుంబ్రిగుడ దగ్గర కొండ కింద చిన్న ఊరు. అయ్య సంతలకి జీపు తిప్పేవాడు. అంతవరకూ బండి ఎత్తాలంటే నలుగురు మనుషులూ, రెండు గుంజలూ కావాలి. అందుకే ఆ రోజు అయ్యకి పట్టపగ్గాల్లేవు.

మా వాళ్ళలో కొత్త వస్తువు ఏదైనా అలికిన నేల మీదే మొదలెట్టాలి. కొడవలైనా అంతే, నాగలైనా అంతే. అయ్య జాకీకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. అమ్మ ముందురోజే పేడతో నున్నగా అలికిన వాకిట్లోకి జీపు తెచ్చి, జాకీ పెట్టి లేపాడు. వెనక చక్రం మీద బరువు మోసే కమాను పట్టీ విరిగింది... కింద దూరి మార్చాలి.

ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు. అయ్య చొక్కా విప్పి వంగాడో లేదో, సామలు చెరుగుతున్న అమ్మ చేట పక్కన పెట్టి వచ్చి అడ్డంగా నిలబడింది.

"ఏటి సేత్తన్నావు? అక్కడ గొయ్యి పడితే నిన్ననే నాను మట్టేసి పూడ్సినాను. పైన అలుకు ఎండింది గానీ, కిందంతా గుల్లే."

"ఒలే, ఇది రెండు జీపులు లేపుద్దంట. బండి పని నీకేటి తెల్సు?"

"బండి తెల్దు. నేల తెల్సు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను... అంతమందిలో మా అమ్మ పరువు తీస్తోందని ఒళ్ళు మండిపోయింది కూడా.

అమ్మ మాత్రం కదల్లేదు. పొయ్యి కోసం దాచిన పనస దుంగలు రెండు తనే దొర్లించుకొచ్చింది. అయ్య విసుక్కుంటూ వాటిని జీపు అడుగు చట్రం కింద, అటొకటి ఇటొకటి పెట్టాడు. ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం వేశాడు. "సాలా?" అని ఎకసెక్కంగా అడిగి, జీపు కిందకి దూరాడు.

పానా రెండు తిప్పులు తిప్పాడో లేదో... జాకీ ఒక పక్కకి ఒరిగి మట్టిలో దిగిపోయింది. జీపు దబ్బున కిందకొచ్చింది.

బయటికి కనిపిస్తున్న అయ్య కాళ్ళు రెండూ కదల్లేదు.

"దుంగల మీద ఆగిందే..." కింద నుంచి అయ్య గొంతు.

పాక్కుంటూ బయటికొచ్చి, దుమ్ము కూడా దులుపుకోకుండా అమ్మ ముందు నిలబడ్డాడు. "ఎక్కడెట్టమంటావో నువ్వే సూపించు" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అమ్మ వాకిలంతా మడమతో తట్టుకుంటూ నడిచి, చింతచెట్టు పక్క రాతినేల చూపించింది. జాకీ కింద మందపాటి చెక్క, మళ్ళీ దుంగలు, మళ్ళీ రాళ్ళు... మధ్యాహ్నానికల్లా పట్టీ మారిపోయింది.

మర్నాడు అయ్య తనే ఈ కథ సంతంతా చాటాడు. సిగ్గనుకోలేదు, మా ఆడదాని వల్లే బతికానని చెప్పుకున్నాడు. ఆ తర్వాత మిగతా జీపుల వాళ్ళు కూడా రిపేరుకి మా వాకిలికే వచ్చేవాళ్ళు. "అప్పా, బండి ఎక్కడెట్టమంటావు?" అని అక్కని పిలిచినట్టు పిలిచి అడిగితే, అమ్మ కొంగు దోపుకుని ముందు నడిచేది. వెనకాల నేను... ఎంత గర్వంగా నడిచేదాన్నో!

ఆ రోజు నలుగురూ నవ్వారని అమ్మ పక్కకి తప్పుకుని ఉంటే, నా పెళ్ళిలో థింసా ఆడడానికి అయ్య ఉండేవాడు కాదు.

ఇప్పుడు పాడేరులో మా ఇంటికే కారు ఎత్తే చిన్న లిఫ్టూ, ఎత్తాక కింద పెట్టే స్టాండ్లూ వచ్చాయి. కారు పని నేనే చూసుకుంటాను. అన్నీ ఉన్నాయి... కానీ ఎవరి పని వాళ్ళదైపోయి, అడ్డం నిలబడి ఆగమనే మనుషులే తక్కువయ్యారు.

మీ ఇంట్లో అలా నిలబడింది ఎవరు? రాయండి... అమ్మకి చదివి వినిపిస్తాను.